పన్నెండున్నర మాత్ర

నిన్న మధ్యాహ్నం పక్కింటి అమ్మాయి తన కూతురి బడి నుంచి వచ్చిన కాగితం పట్టుకొచ్చింది. పిల్లకి ఆయాసం. బడి వేళలో మందివ్వాలంటే డాక్టరు చీటీ, తల్లిదండ్రుల సంతకం కావాలట, ఇచ్చే మనిషి ఎవరో ముందే తేల్చాలట. "ఒక్క గోలీకి ఇన్ని రూల్సేంటి అంకుల్?" అంది. నేను కళ్ళజోడు సవరించుకుని, ఈ దీవుల్లో ఆ రూల్సు రాసిందే నేనన్నాను. సునామీ తర్వాత, ఇదే రంగత్‌లో, మూర్ఛ జబ్బున్న పిల్లని భుజాన వేసుకుని కొండెక్కి, వేళకి మాత్ర వేసి బతికించానని కూడా చెప్పాను. "అరె వాహ్" అని, కాగితం నాచేత నింపించుకుని వెళ్ళిపోయింది. తలుపు మూశాక ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలాను. వినేవాళ్ళు లేనప్పుడు ఆ కథ అలా నడవదు.

రూల్సు రాసింది నేను కాదు. నేను అప్పట్లో ఇక్కడి బడిలో గుమాస్తాని. చెప్పింది ఆసుపత్రిలో బెంగాలీ డాక్టరు, రాసింది హెడ్మాస్టరమ్మ. నేను రిజిస్టరుకి గీతలు కొట్టాను. గీతలు తిన్నగా వచ్చాయి, అంతవరకు నిజం. మూడో తరగతిలో కొత్తగా చేరిన పిల్ల కోసం అదంతా. అమ్మానాన్నలు శ్రీకాకుళం వైపు నుంచి ఇంకో దీవిలోని హట్‌బేకి వచ్చి చేపలు పట్టుకు బతికేవాళ్ళు. సునామీ నాడు ఇద్దరూ ఒకే పొద్దున సముద్రంలో పోయారు. మూర్ఛలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. రంగత్ బజార్లో ఎండుచేపలు అమ్ముతూ పిల్లని సాకే అమ్మమ్మకి మధ్యాహ్నం వచ్చే వీల్లేదు, బడికి నర్సు లేదు, టీచర్లేమో పిల్లకేమైనా అయితే మా మీదకొస్తుందని వెనక్కి తగ్గారు. మాత్ర ఎవరివ్వాలో తేల్చే మీటింగుకి నేను ఆలస్యంగా వెళ్ళాను కాబట్టి పని నాకు పడింది. అమ్మమ్మ కాగితం మీద వేలిముద్ర వేసి, "మీ చేతిలో ఎట్టేను బాబూ, మరి నాకు బెంగనేదు" అంది. డాక్టరు నాకు మందుల పెట్టె తాళం గురించి, మాత్ర పొట్లం మీద పేరు గురించి చెప్పి, చివర్లో ఏదీ దాచకుండా రాయమని వేలు చూపించాడు: "లేటయితే లేటని లిఖో. మర్చిపోతే మర్చిపోయానని లిఖో. ఛుపానా నహీ, భయ్యా."

మింగాక పిల్ల నోరు తెరిచి చూపించాలి, నాలిక కింద కూడా. పులిలా నోరు తెరిచేది. నేను టార్చి వేసి, గొంతులో పడవ కనబడుతోందనో, పీత పాకుతోందనో చెప్పేవాణ్ణి. నాకు పెళ్ళాంపిల్లలు లేరు. రోజుకొకసారి నాకోసమే వచ్చే మనిషి ఆ పిల్ల ఒక్కతే. ఆటల్లో పడి ఆలస్యం చేస్తోందని నా సొంత రూలు ఒకటి కలిపాను: "గంట కొట్టగానే పెట్టె ముందు కూర్చో. నేనొచ్చేదాకా కదలకు."

ఒకరోజు పన్నెండున్నర గంట కొట్టారు. నేను పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాను. నేల ఊగింది. ఎవరో "పానీ ఆ రహా హై" అని అరిచారు. నీళ్ళొస్తున్నాయనగానే బడంతా వెనకున్న కొండ మీదకి పరుగు. అందరికంటే ముందు ఎక్కింది నేనే. దారి చూపడానికని తర్వాత చెప్పుకున్నాను గాని, నా ముందు ఎవరూ లేకపోవడానికి కారణం భయం. పైన హెడ్మాస్టరమ్మ తరగతులవారీగా లెక్క చూసి, మూడో తరగతి దగ్గర ఆగింది. "మందు వేళ కదా, పిల్ల నీ దగ్గరే ఉందా?" అంది. "నా దగ్గరే మేడమ్" అన్నాను. పెట్టె తాళంచెవి నా జేబులో ఉంది. గుంపులో వెతికాను, లేదు. అప్పుడైనా దిగలేదు. నీళ్ళు రావడం లేదని జనం తేల్చేదాకా అక్కడే నిలబడ్డాను, నలభై నిమిషాలు.

దిగి వెళ్తే పిల్ల పెట్టె ముందు కూర్చుని ఉంది. రెండు చేతులతో గ్లాసు పట్టుకుంది. నీళ్ళు సగం ఒలికి గౌను తడిసింది.

"అందరితో పరిగెత్తలేదేం అమ్మా?"

"మీరే కదా కదలొద్దన్నారు, మావయ్యా."

మాత్ర ఇచ్చాను. మింగి నోరు తెరిచింది, నేను టార్చి తియ్యలేకపోయాను. రిజిస్టరులో పన్నెండున్నర అని రాసి సంతకం పెట్టాను. పిల్ల ఆ ఏడే గడియారం చూడడం నేర్చుకుంది. గోడ వైపు చూసింది, రిజిస్టరు వైపు చూసింది. ఈలోగా హెడ్మాస్టరమ్మ రొప్పుతూ వచ్చి, మందు పడిందా అని అడిగింది. నేను రిజిస్టరు మూశాను. "టైముకే ఇచ్చారు మేడమ్" అంది పిల్ల.

మరునాడు కూడా గంట కొట్టగానే వచ్చి కూర్చుంది. ఆ తర్వాత రెండేళ్ళు అలాగే వచ్చింది. అమ్మమ్మతో విశాఖపట్నం ఓడ ఎక్కేటప్పుడు నా కాళ్ళకి దండం కూడా పెట్టింది. ఆ సంగతి ఎత్తి ఏదో ఒకటి చెబుదామని జెట్టీ దాకా వెళ్ళి, జాగ్రత్త అని మాత్రం అన్నాను. ఇన్నేళ్ళ నా బతుకులో ఏళ్ళకేళ్ళే గుర్తులేకుండా గడిచిపోయాయి. ఆ నలభై నిమిషాలు మాత్రం ఇంకా గడుస్తూనే ఉన్నాయి.