ఔన్సు గిన్నె లోపలి కొలత

నాన్న రోజుకి ఒక్క ఔన్సు బ్రాందీ తాగొచ్చని అమ్మని ఒప్పించింది నేనే. డిప్లొమా ముగించి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిసుగా చేరి అప్పటికి ఏడాది కాలేదు. నాన్న అక్కడే లేతు మీద ఇనుము, ఇత్తడి తొలిచే టర్నరు. ఇందా పేటలో సారా కొట్టుకి వెళ్లొద్దని అమ్మ పోరినప్పుడల్లా ఆయన ఫోర్‌మన్ దొర సంగతి ఎత్తేవాడు. దొర రోజూ సాయంత్రం ఒక పెగ్గు తాగుతాడట, జ్వరమన్నదే ఎరగడట. మితంగా పుచ్చుకుంటే అది మందేనట. నాకు మితం అన్న మాట నచ్చింది. మితమంటే కొలత. కొలత నా పని.

మూడు షరతులు రాశాను. ఒకటి, కొట్టుకి వెళ్లకూడదు. రెండు, భోజనానికి ముందు ఒక్కసారే. మూడు, నేను చేసిన గిన్నెతోనే. పనికిరాని ఇత్తడి ముక్కని లేతు మీద తిప్పి, ఒరిగిపోకుండా గోడలు మందంగా వదిలి, సరిగ్గా ఔన్సు పట్టేలా చేశాను. నాన్న నా ఎదురుగానే పోసుకుని, తాగాక బోర్లించి చూపించేవాడు. నేను పుస్తకంలో టిక్కు పెట్టేవాణ్ణి. ఆకలి బాగుంది, నిద్ర పడుతోంది అనేవాడు. అవీ రాసుకున్నాను. వర్క్‌షాపులో ఒకరిద్దరికి ఆ పుస్తకం చూపించాను కూడా.

నాలుగో నెలలో ఆయన మిషను దగ్గరే కూలబడ్డాడు. ఆసుపత్రిలో బెంగాలీ డాక్టరు పొట్ట నొక్కి చూసి, లివరు వాచింది, ఎంత తాగుతాడని అడిగాడు. నేను పుస్తకం తీశాను. తిరగేసి నవ్వాడు. వారంలో నిజం పట్టుకుని రమ్మన్నాడు. మళ్లీ పనిలోకి వెళ్లడానికి ఇచ్చే ఫిట్ సర్టిఫికెట్టు సంగతి ఆ తరవాతే అన్నాడు.

నా లెక్క రుజువు చేద్దామనే మందుల షాపు ఔన్సు గ్లాసు తెచ్చి, గిన్నె నిండా నీళ్లు పోసి కొలిచాను. రెండున్నర వచ్చింది. గిన్నెలో వేలు పెట్టి తడిమాను. అంచు నేను వదిలిన మందమే ఉంది. దాని కింద గోడంతా తొలిచేసి ఉంది, అద్దంలా నున్నగా. మా వర్క్‌షాపులో అలా తొలిచే చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి చూసే నేను పని నేర్చుకున్నాను. గిన్నెలు లెక్కపెట్టాను గాని సీసాలు లెక్కపెట్టలేదు. అవి తెచ్చేది ఆయనే.

నాన్నని అడిగితే నవ్వాడు. "ఏటిరా ఇంజినీరు బాబూ, నాలుగు నెల్లు పట్టినాదా నీకు?"

అమ్మ వైపు చూశాను.

"తోమినప్పుడే తెలిసినాది, తేలికైపోనాదని," అంది. "కొట్టు కాడికి ఎల్లకుండా ఇంట్లో ఉంటన్నారు గదాని ఊరుకున్నాను."

ఆయన మోసం కన్నా ఈ మాట లోతుగా దిగింది. ఆ గిన్నె చేసింది ఆవిడ కోసమే.

వారం తరవాత రిక్షాలో ఆసుపత్రికి వెళ్తుంటే నాన్న నా మోకాలి మీద చెయ్యి వేశాడు. ఫిట్ ఇవ్వకపోతే లేతు నుంచి తీసేసి స్టోర్సులో కూర్చోబెడతారు, పుస్తకంలో ఉన్నదే చెప్పమన్నాడు.

"నీ రాతే గదా బాబూ. నాను రాసినానా?"

డాక్టరు అడిగాడు. రెండున్నర అన్నాను, రోజూ అన్నాను.

మితంగా తాగితే ఒంటికి మంచిదో కాదో నాకిప్పటికీ తెలియదు. మా ఇంట్లో ఆ పరీక్ష జరగనే లేదు. నాన్నని స్టోర్సుకి మార్చారు. కన్నకొడుకే తన లేతు లాగేసుకున్నాడని క్వార్టర్లలో అందరికీ చెప్పుకున్నాడు. అమ్మ పక్కనే నిలబడి వినేది. గిన్నె సంగతి మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పలేదు.