గొర్రెకొవ్వు పట్టిన తీగచుట్ట

ముకాష్ ఆ చిన్న వెల్డింగు మిషన్ని బుర్మకన్ వాకిట్లో దించి, సాయం అడగడానికి వచ్చినవాడిలా కాక జప్తుకొచ్చినవాడిలా నిలబడ్డాడు.

నిజానికి ఆ మిషన్ ఆమెదే. నారిన్ కొండల్లోని ఆ ఊళ్లో సగం గేట్లూ, ఇనప పొయ్యిలూ, దొడ్డి తలుపులూ ఆమె దానితో అతికినవే. పని నేర్పింది భర్త సతార్కుల్. తన చేతికన్నా ఆమె చెయ్యే నయమని నలుగురిలో ఒప్పుకున్న మనిషి. అతను పోయిన నలభయ్యో రోజున, భోజనం చేసిన చేతుల తడి ఆరకముందే, అన్న ముకాష్ "మా తమ్ముడి వస్తువు" అంటూ దాన్ని బండెక్కించుకుపోయాడు. ఆడదానికి నిప్పురవ్వలతో పనేమిటన్నాడు. అప్పటినుంచీ బుర్మకన్ బడి వంటింట్లో అంట్లు తోముతోంది. ఆ మిషన్ మళ్లీ తన గడప లోపలికి రావాలి. దాదాపు ఏడాదిగా ఆమెకు ఇంకో కోరిక లేదు.

రేపు సతార్కుల్ సంవత్సరీకం. విందుకు గుర్రాన్ని కోస్తారు, మూడు లోయల చుట్టాలు దిగుతారు. ఆ ఊరి ఆచారం ప్రకారం సమాధి మీద నిలపాల్సిన, ఊచలతో అతికే ఇనప గుడారం మాత్రం ఇంకా ముకాష్ బండిలో ఊచల కట్టగానే ఉంది.

"తీగ రావట్లేదు. జానెడు వస్తుంది, ఆగుతుంది, లోపలే చుట్టుకుంటుంది," అన్నాడు ముకాష్.

"నా దగ్గర ఎనిమిదేళ్లు బాగానే వచ్చింది బావగారూ."

"కబుర్లు తర్వాత. ముందు చూడు."

బుర్మకన్ పక్కమూత తెరిచింది. అతుకులో కరిగే తీగను చుట్టలోంచి గొట్టంలోకి తోసే రోలర్ల దగ్గర, అదంతా పిల్లి ఆడుకున్న ఊలుండలా ముద్దకట్టి ఉంది. రోలర్ల మీది మరను ఈ మహానుభావుడు తిరిగినంత మేరా బిగించేశాడు. తీగ నలిగి రేకై కూర్చుంది.

"ఇంతలా బిగించారేం?"

"రాకపోతే బిగించరా మరి?"

"గొంతులో ఎముక అడ్డంపడ్డవాడి నోట్లో ఇంకో ముద్ద కుక్కుతారా మీరు?"

ముకాష్ చెవులు ఎర్రబడ్డాయి. బుర్మకన్ ముద్దను కత్తిరించి పారేసి, గొట్టంలోని తీగను వెనక్కి లాగింది. దాంతోపాటు బూడిదరంగు పేస్టు లాంటిది వచ్చింది. వేలికి రాసుకుని వాసన చూసింది. ఆమె ఒళ్లు మండిపోయింది.

"గొర్రె తోక కొవ్వు! ఎవరు పట్టించారు దీనికి?"

"నేనే. చుట్ట తుప్పుపడుతుంటే రాశాను. మా నాన్న జీను తోళ్లకి అదే రాసేవాడు."

"ఇది జీనా? దీనికేమన్నా కళ్లెం వేశారా? ఎండాకాలమంతా ఎలాగో నడిచింది. ఇప్పుడీ చలికి గొట్టం నిండా గడ్డకట్టింది చూడండి!"

గొట్టం లోపల తీగ జారే స్ప్రింగును బయటికి లాగి కిరసనాయిల్లో నానబెట్టింది. టైర్లకు గాలికొట్టే పంపుతో ఊదింది. కొవ్వు పట్టిన పైచుట్లన్నీ ఊడదీసి అవతల పారేసింది. చుట్ట తేలిగ్గా తిరగాలి, గొట్టం చివరి గన్ను మీట వదలగానే ఆగాలి. దాని నట్టును అంతవరకే సడలించింది. రోలర్ల మరను కూడా వదులు చేసి, తీగ కొనను చెక్కముక్కకు ఆనించి మీట నొక్కింది. తీగ ఆగకుండా మెలికలు తిరుగుతూ వచ్చింది.

ముకాష్ గన్ను కోసం చెయ్యి చాపాడు. "ఇటివ్వు. సమాధి ఇనుముకి ఆడదాని చెయ్యి తగలకూడదు."

"తగలకపోతే రేపు చుట్టాలకి ఊచల కట్ట చూపించండి."

ముకాష్ పొద్దువైపు చూశాడు, బండివైపు చూశాడు. ఆఖరికి వెళ్లి, ఎవరూ చూడకుండా గేటు మూసొచ్చాడు. బుర్మకన్ వెల్డింగు ముసుగు దించుకుని పనిలోకి దిగింది. అతుకు అతుకుకీ సతార్కుల్ గుర్తొచ్చాడు, ముసుగు లోపల కళ్లనీళ్లు కారాయి. తుడుచుకోడానికి కూడా ఆమె చెయ్యి ఆపలేదు.

సాయంత్రానికి గుడారం నిలబడింది. దాన్ని బండెక్కించడానికి నలుగురు దాయాదులు వచ్చారు. వాళ్లు ఇనుమెత్తుతుంటే ముకాష్ వంగి మిషన్ పిడి పట్టుకున్నాడు.

"అది ఇక్కడే ఉంటుంది బావగారూ."

"నీ పుట్టింటినుంచి తెచ్చావా? ఇది మా తమ్ముడిది."

"ముకాష్," అంది బుర్మకన్.

దాయాదుల చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఆ ఊళ్లో ఏ కోడలూ భర్త అన్నగారి పేరు పలకదు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

"కింద పెట్టు, ముకాష్. రేపు ఊరంతా తింటుంటే అక్కడా ఇలాగే పిలవమంటావా?"

ముకాష్ మొహం సున్నం కొట్టినట్టయింది. దాయాదుల వైపు చూశాడు. ఒక్కడూ తలెత్తలేదు. మిషన్ని కింద పెట్టాడు.

బుర్మకన్ దాన్ని ఈడ్చుకుంటూ లోపలికి తీసుకెళ్లి గడియ వేసుకుంది. కోపం మాత్రం వీసమంతయినా తగ్గలేదు. తగ్గాలని ఆమె అనుకోనూ లేదు.