వాళ్ల మామ్మ వేరేగా అనేదట

నల్లబల్ల మీద నేను రాసిన అక్షరాల్ని మా బడి కరస్పాండెంట్ గారు తన అరచేత్తోనే తుడిచేశారు. డస్టరు పక్కనే ఉంది. ఈ సంగతి నేను ఇప్పటికీ చెబుతాను, ఎవరు విన్నా వినకపోయినా.

అవి తొంభైల మధ్య రోజులు. నర్సీపట్నంలో వీధికొక ఇంగ్లీషు మీడియం బడి లేస్తోంది. మాది రేకుల కప్పు కింద ఆరు గదుల బడి. నేను మూడో తరగతికి ఇంగ్లీషు చెప్పేదాన్ని. పుస్తకం చివర ఇడియమ్స్ అని రెండు పేజీలు ఉండేవి. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు దాని అర్థం, అదీ ఇంగ్లీషులోనే. పిల్లలు రెండువైపులా బట్టీపట్టి ఒక్క గుక్కలో అప్పజెప్పేవారు. ఆ మాట ఎవరు, ఎవరితో, ఎప్పుడు అంటారో ఒక్కరికీ తెలియదు.

అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. శుక్రవారం ఒక ఇడియం ఇచ్చి, అది అనే సందర్భం చెప్పేదాన్ని. "ఇలాంటప్పుడు మీ ఇంట్లో ఏమంటారో కనుక్కుని రండి" అనేదాన్ని. సోమవారం పిల్లలు తెచ్చిన మాటలు బల్ల మీద కుడివైపున రాసేదాన్ని. పీస్ ఆఫ్ కేక్‌కి "మంచినీళ్లు తాగినంత సుళువు" వచ్చింది. రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్‌కి "కుండలతో కుమ్మరించినట్టు" వచ్చింది. ఒకసారి ఇంటి మాట పక్కన చేరాక, ఆ ఇంగ్లీషు మాటను ఒక్కరూ మరిచిపోలేదు. ఇది నా గొప్ప కాదు, జరిగింది చెబుతున్నాను.

కిటికీ పక్క మూడో బెంచీలో ఒక పిల్ల కూర్చునేది. నాతవరం వైపు ఊరు, షేర్ ఆటోలో వచ్చేది. అమ్మా నాన్నా చెరకు తోటల్లో పనికి పోతే ఇంట్లో మామ్మే ఆమెను చూసుకునేది. బడి తెరిచిన దగ్గర్నుంచి దసరా సెలవులు అయ్యేదాకా ఆ పిల్ల గొంతు తరగతిలో ఎవరూ వినలేదు. హాజరుకి కూడా చెయ్యెత్తేది తప్ప నోరు విప్పేది కాదు. ప్రతి సోమవారం నేను ముందు ఆమె వైపే చూసేదాన్ని. ఆమె తన పలక సంచీ వైపు చూసేది.

ఆ సెలవులయ్యాక వచ్చిన శుక్రవారం ఇచ్చింది వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్. ఎప్పుడో గాని జరగని దాని గురించి అంటారని చెప్పాను. సోమవారం క్లాస్ లీడర్ లేచి, "అమాసకో పున్నానికో అంటారు టీచర్! మా సిన్నాన్న అలాగే వస్తాడు మా ఇంటికి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూ రాస్తున్నాను. అప్పుడే మూడో బెంచీ నుంచి ఒక చెయ్యి లేచింది.

ఆ చెయ్యి నేను చూశాను. చూడలేదని ఎప్పుడూ అనను.

అదే నిమిషాన కరస్పాండెంట్ గారు లోపలికి వచ్చారు. వెనకాల కొత్త అడ్మిషన్ కోసం బడి చూడటానికి వచ్చిన దంపతులు ఉన్నారు. ఆయన బల్ల చదివారు.

"ఏటండి టీచర్ గారూ ఇది? స్కూలనుకున్నారా, సంతనుకున్నారా? అమాసలూ పున్నాలూ నేర్సుకోడానికైతే ఈళ్లు ఇంటికాడే ఉందురు కదా!"

అని, అరచేత్తో తుడిచి, ఆ దంపతుల వైపు తిరిగి నవ్వారు. "తెలుగు మీడియంలో సదువుకున్న టీచరండి. అలవాటు పోలేదు."

ఆ మాట ఆయన అన్నది తెలుగులోనే. నలభై మంది పిల్లల ముందు.

ఆయన వెళ్లిపోయారు. ఆ చెయ్యి మాత్రం ఇంకా అలాగే ఉంది. ఆ పిల్ల లేచి నిలబడింది. "టీచర్, మా మామ్మ ఏరేగా అంటాదండి" అంది. అదే ఆ ఏడాది నేను విన్న ఆమె మొదటి మాట. సన్నటి గొంతు కాదు, గట్టి గొంతు. నేను ఊహించుకున్నది అది కాదు.

"ఇంగ్లీషులో చెప్పు" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది.

"ఇంగ్లీషులో రాదా? అయితే కూర్చో."

కూర్చోలేదు. గంట కొట్టేదాకా నిలబడే ఉంది. ఆ ఏడాది అయ్యేదాకా మళ్లీ చెయ్యెత్తలేదు, హాజరుకి కూడా. మరుసటి ఏడు జూన్‌లో బడి తెరిస్తే రాలేదు. ఊళ్లో సర్కారు బళ్లో వేశారని ఆటో అతను చెప్పాడు.

నేను ఇంకో రెండేళ్లు చేసి మానేశాను. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అడిగితే కరస్పాండెంట్ గారు ఇవ్వలేదు. దానికోసం నేను పెట్టిన అర్జీల సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. వాళ్లకి తెలియనిది ఇంకొకటి ఉంది. ఇంట్లో ట్యూషన్ చెబుతూ బ్లూ మూన్ దగ్గరికి వచ్చేసరికి పేజీ తిప్పేస్తాను. తిప్పినా గదిలో ఎవరో నిలబడే ఉన్నట్టుంటుంది. తలెత్తి చూస్తే పిల్లలందరూ కూర్చునే ఉంటారు.

వాళ్ల మామ్మ ఏమనేదో కనుక్కుందామని కనబడిన ప్రతి ముసలమ్మనీ అడిగాను. బస్సుల్లో అడిగాను, బజార్లో అడిగాను. అందరూ అమాసకో పున్నానికో అనే చెప్పారు. ఇంకేమైనా అంటారా అని గుచ్చి గుచ్చి అడిగితే, జీడిపప్పు అమ్మే ఆమె విసుక్కుంది. "ఏటమ్మా నీ గోల? ఇది కూడా రాసి ఆఫీసులో ఇచ్చీస్తావేటి?"

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయ్యాక, ఒక సోమవారం అర్జీ టైపు చేయిద్దామని ఆర్డీవో ఆఫీసు దగ్గర డీటీపీ సెంటర్‌కి వెళ్లాను. కంప్యూటర్ ముందున్న అమ్మాయి నా కాగితం తీసుకుని చదివింది. బడి పేరు దగ్గర ఆగింది. తలెత్తి నా మొహంలోకి చూసింది. ఆ చూపుతో పోల్చుకున్నాను.

"మామ్మ బాగున్నారా?" అన్నాను.

"పోయిందండి. నాలుగేళ్లయింది."

కాసేపు టైపు చేసింది. నేను ఆగలేకపోయాను. "ఆ రోజు నువ్వేదో చెప్పబోయావు. మామ్మ వేరేగా అంటుందని. గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదండి?"

"చెప్పమ్మా."

ఆమె ప్రింటర్లో కాగితం సర్దింది. నవ్వలేదు, కోపంగానూ లేదు.

"ఇంగ్లీసులో రాదండి, టీచర్ గారూ."

నేను మళ్లీ అడగలేదు. అరచేత్తో తుడిచిన బల్లని ఇన్నేళ్లు మోసినదాన్ని, ఆమెను పట్టు వదిలెయ్యమని ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?

ఆ రోజు అర్జీ ఇచ్చాను. రసీదు నా దగ్గరుంది. అప్పట్నుంచి నా అర్జీలన్నీ ఆ సెంటర్లోనే టైపు చేయిస్తున్నాను. మా ఇంటికి దగ్గరలో ఇంకొకటి ఉన్నా వెళ్లను. తప్పులున్నాయేమో చూసుకోమని ఆమె కాగితం ఇస్తుంది. కళ్లజోడు తేలేదని చెబుతాను. ఆమెకీ తెలుసు, అది నా సంచీలోనే ఉందని. మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపిస్తుంది, ఆ గట్టి గొంతుతో. నేను కిటికీ పక్కన నిలబడి వింటాను. ఆమె కుర్చీ చూపిస్తుంది గాని, నేను కూర్చోను.