టైపు మాస్టారి మూడు లూపులు

మొన్న గురువారం ఉదయం ఏడింటికి నూకరాజు ఫోన్ చేశాడు. వాడూ నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని టైపు మాస్టారి దగ్గర కంప్యూటర్ నేర్చుకున్నాం.

“ఒరే బావా, మాస్టారు పోయేర్రా. తెల్లారగట్ట. మునగపాకలోనే, ఇంటికాడే.”

ఆ రోజే పదింటికి నాకు కంప్యూటర్ ల్యాబ్ పరీక్ష. అప్పటికి రెండుసార్లు తప్పాను. ఇది ఆఖరి అవకాశం, ఇదీ పోతే మూడేళ్ళ డిగ్రీ పోయినట్టే. పరీక్ష ఒంటిగంట దాకా ఉంటుంది. మాస్టారిని పన్నెండింటికి తీసుకెళ్ళిపోతారు.

అనకాపల్లిలో ఆయన్ని అందరూ టైపు మాస్టారనే పిలిచేవారు. టైపు నేర్చుకునేవాళ్ళు కరువయ్యాక మిషన్లు అమ్మేసి, అదే గదిలో రెండు పాత కంప్యూటర్లు పెట్టారు. కానీ పద్ధతి మారలేదు. కీబోర్డు మీద తువ్వాలు కప్పి ఉంచేవారు. ముందు కాగితం మీద రాసి, చేత్తో లెక్క చేసి, జవాబు చూపిస్తేనే తువ్వాలు తీసేవారు.

విప్లవ కరపత్రాలు చదివి చదివి నాకు అన్నిటి మీదా కోపంగా ఉండేది. అంకెల పట్టికలు రెండిటిని గుణించే మాట్రిక్స్ గుణకారం ప్రోగ్రామ్ దగ్గర ఆగిపోయి, ఆ కోపం ఆయన మీద చూపించాను.

“ఈ పట్టికలు గుణిస్తే ఏ కూలీకి కడుపు నిండుతుంది మాస్టారూ?”

“నిండదయ్యా. ముందు మూడు లూపులు రాయి, తరవాత లోకాన్ని తిడుదువు గాని. నేనూ వత్తాను, ఇద్దరం కలిసి తిడదాం.”

రెండు పట్టికల్లో ఒకే స్థానంలో ఉన్న అంకెల్ని గుణిస్తే చాలదా, సమానులు సమానులతో కలవడమే కదా న్యాయం అని వాదించాను. ఆయన పడీపడీ నవ్వారు. “నీ న్యాయం బాగానే ఉంది గానీ, లెక్క అలగ కాదు. మొదటిదాన్లో అడ్డువరస మొత్తం రెండోదాన్లో నిలువువరస మొత్తాన్ని కలవాల.” నా ఎడమచేతి వేలు పట్టుకుని అడ్డంగా నడిపించారు, కుడిచేతి వేలు కిందికి దింపారు. వేళ్ళు ఆగిన చోట అంకెలు గుణించు, కూడు, మళ్ళీ జరుపు. ఒకే పనిని అలా తిప్పి తిప్పి చేయించడమే లూపు. వారం రోజులు అలా నా వేళ్ళు పట్టుకునే చెప్పారు.

ఒక గడి నిండాక అప్పటిదాకా కూడిన మొత్తాన్ని సున్నా చేసి రెండో గడి మొదలుపెట్టాలి. అది నాకు ఎప్పుడూ గుర్తుండేది కాదు. “ఏటయ్యా, ఒక పాకం దించేక పెనం కడక్కుండా కొత్త రసం పోసేత్తావేటి? మీ తాత బెల్లం వండలేదేటి?” అనేవారు. నాలుగోసారి అన్నప్పుడు పుస్తకం విసిరికొట్టాను.

“మీకేం, పుట్టుకతోనే వచ్చినట్టు చెబుతారు. రానివాడి బాధ మీకేం తెలుసు?”

ఆయన పుస్తకం తీసి, దుమ్ము దులిపి, నా చేతికిచ్చారు. “రేపు రా,” అన్నారు, అంతే. ఆ తరవాత ఆయాసం ఎక్కువై ఆఖరి పది రోజులూ మునగపాక నుంచి రాలేదు. నేను క్షమాపణ చెప్పలేదు. చూడ్డానికి వెళ్ళలేదు. మొహం చెల్లలేదు.

మాస్టారి భార్యకి ఫోన్ చేశాను. “అమ్మా, నేను వచ్చేస్తున్నాను. పరీక్షా లేదు, ఏమీ లేదు.”

“నోరు ముయ్యి బాబూ. నిన్న కూడా నీ పరీచ్చ గురించే అడిగేరు. రాసేసి రా. నువ్విప్పుడొత్తే ఆయన లేచి మరీ కొడతారు.” అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

వెళ్ళాను. ద్రోహిలా పరీక్షకి వెళ్ళి కూర్చున్నాను. చీటీలో మాట్రిక్స్ గుణకారమే వచ్చింది. రాశాను. మాస్టారు ఎప్పుడూ ఇచ్చే అంకెలే వేశాను, ఒక పట్టికలో ఒకటి నుంచి నాలుగు, రెండోదాంట్లో అయిదు నుంచి ఎనిమిది. 19, 41, 84, 134 వచ్చాయి. మొదటిది తప్ప అన్నీ తప్పు. గడియారం పన్నెండు చూపిస్తోంది. అక్కడ ఆయన్ని లేపుతున్నారు. ఇక్కడ నేను కళ్ళు కనబడకుండా ఏడుస్తున్నాను.

“ఏటి బాబూ, ఒంట్లో బాలేదా?” అన్నారు ఎగ్జామినర్.

కీబోర్డు పక్కకి నెట్టి రఫ్ కాగితం లాక్కున్నాను. ఎడమ వేలు అడ్డంగా, కుడి వేలు కిందికి. రెండో గడికి ఇరవై రెండు రావాలి. మిషన్ నలభై ఒకటి అంటోంది. పాత పందొమ్మిది అందులోనే ఉండిపోయింది! సున్నా చేసే లైను లూపులన్నిటికీ పైన పెట్టాను. తీసి మూడో లూపుకి ముందు పెట్టాను. 19, 22, 43, 50.

“సరిగ్గానే వచ్చింది కదయ్యా, మరేటి ఏడుపు?” అని సంతకం పెట్టారు ఆయన.

నూకరాజు బండి మీద మునగపాక చేరేసరికి అంతా అయిపోయింది. మగవాళ్ళు స్నానాలు చేసి తడిబట్టలతో వస్తున్నారు. అరుగు మీద నుంచి మాస్టారి భార్య నన్ను చూసి ఒకటే అడిగారు.

“వచ్చిందా?”

“వచ్చిందమ్మా.”

ఆవిడ లేచి నన్ను పెరట్లోని పాకలోకి తీసుకెళ్ళారు. “ఎవరికీ సెప్పొద్దన్నారు. నీకు సెప్పాలనిపించింది. ఆయనకి టైపే గానీ ఇయ్యేవీ రావు బాబూ. రేపు మీకు సెప్పాల్సింది ఇయాల ఇక్కడ నేర్సుకునీవోరు.”

గోడంతా సుద్దముక్కతో రాసిన ప్రోగ్రాములు, లెక్కలు. మనిషి నిలబడి రాసే ఎత్తులో మొదలయ్యాయి, టైపు కొట్టినట్టు తీరైన అక్షరాలు. తప్పు జవాబులు, వాటి మీద కొట్టివేతలు, పక్కన మళ్ళీ మొదటి నుంచి. వాటి కింద కుర్చీలో కూర్చుంటే చెయ్యి అందే ఎత్తులో ఇంకొన్ని, కాస్త వంకరగా. ఇంకా కిందికి, నేల మీద చతికిలబడి రాసినవి. ఆఖరివి నేలకి జానెడు ఎత్తులో ఉన్నాయి. వాటిని చదవడానికి నేను మట్టి నేల మీద బోర్లా పడుకోవలసి వచ్చింది.