తాళ్ళు కట్టిన జీడిచెట్లు

మొన్న పలాసలో ఒక పెళ్ళికి వెళ్ళాను. వధూవరుల నెత్తి మీదికి డ్రోన్ జుమ్మని లేచింది. అందరూ పైకి చూసి నవ్వుముఖాలు పెట్టారు. నేను మాత్రం అది దిగే చోటు కోసం నేల వెతికాను. ఈ జబ్బు నారాయణరావు గారు అంటించింది.

ఆయన నా మొదటి బాస్, మందస మనిషి. తోటల మీద డ్రోన్లు ఎగరేసి సర్వే చేసే చిన్న సంస్థ ఆయనది. నేను టెక్కలిలో ఇంజనీరింగ్ చదివి చేరాను కాబట్టి నాకు డ్రోన్ల గురించి ఏమీ తెలియదు. అది క్షేమంగా దిగితే చాలు, పొంగిపోయేవాణ్ణి. ఆయన మాత్రం దాని రెక్కలు ఆగీ ఆగగానే మెమరీ కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టేవారు.

"తిరిగొచ్చిందని సంబరమేటి ఇంజనీరూ? ఏటి తెచ్చిందో సూడు ముందు."

ఒక తుఫాను తర్వాత అక్కుపల్లి వైపు జీడితోటలు సర్వే చేసే పని వచ్చింది. పరిహారానికి ఏ చెట్టు నష్టం కింద రాయాలో మా డ్రోన్ తీసిన బొమ్మలే తేల్చాలి. అప్పలమ్మ అనే ముసలామె తోటలో చెట్లన్నీ నిటారుగా కనిపించాయి. పని తేలికైందని సంతోషించాను. దగ్గరికి వెళ్ళి చూస్తే ప్రతి మొదలుకీ కొబ్బరి తాళ్ళు. కూలిన చెట్లను ఇంటిల్లిపాదీ పట్టి లేపి, గుంజలకు కట్టేశారు.

"మేం రాకముందే లేపేసావేటప్పా? పైనుంచి సూత్తే పడనట్టే ఉంటాది గదా" అన్నారు నారాయణరావు గారు.

"పడిపోయిన పిల్లణ్ణి ఆఫీసరొచ్చి సూసేదాకా నేల మీదే ఉంచుతారేటి బావూ?" అందామె.

ఆయన పెట్టె తెరిచి, కంటికి అందని వెలుగును కొలిచే సెన్సర్‌ను డ్రోన్‌కు బిగించారు. ఆకు పైకి పచ్చగా ఉన్నా, లోపల ఎండుతుంటే అది పట్టేసి ఎర్రగా చూపిస్తుంది. అవతల ఇంకో ఊరివాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారని గుర్తుచేశాను.

"నిలబడ్డదల్లా బతికున్నట్టు కాదు. మళ్ళీ ఎగరెయ్" అన్నారు.

కార్డు తెరిస్తే తెర నిండా ఎరుపు. అప్పలమ్మ తొంగి చూసింది.

"ఎర్రగుంటే బతుకుతాయా బావూ?"

"నష్టం కింద రాత్తారప్పా" అన్నారాయన.

"రాసుకోండి. నేను మాత్రం తాళ్ళిప్పను."

ఆ రోజంతా ఆయన కాలే ఇసుకలో చెప్పుల్లేకుండా నిలబడ్డారు. పాదాలు వాచి ఉన్నాయి. అదేమిటని అడిగాను.

"ఉద్దానం ఇసక మీద సెప్పులిడిసి నడవాల. మరియాద" అన్నారు.

జోకు బాగుంది. నవ్వేసి ఊరుకున్నాను. మా ఉద్దానం ప్రాంతంలో వాచిన కాళ్ళంటే కిడ్నీ జబ్బని పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా ఆయన నిటారుగా నిలబడి ఉన్నారు కదా. నిలబడలేని రోజు వచ్చాక అందరికీ తెలిసింది. అప్పటికి ఆస్పత్రివాళ్ళకు కూడా చేయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఎండుతున్న ప్రతి చెట్టు మీదా రెండుసార్లు డ్రోన్ ఎగరేసిన మనిషిని మేం ఒక్కసారే అడిగాం.

పెళ్ళిలో డ్రోన్ దిగింది. దాన్ని ఎగరేసినతను చెమటలు కక్కుతూ ఎండలోనే నిలబడి ఉన్నాడు. ఒంట్లో బాగుందా అని అడిగాను.

"బాగుంది సార్" అని నవ్వాడు.

నవ్వు బాగానే ఉంది. కుర్చీ తెచ్చి అతని పక్కన వేసి, మళ్ళీ అడిగాను.