పెళ్ళికొడుకు పెడల్ తొక్కిన రోజు

చిన్న సంగతే. చాయ్ చల్లారేలోపు అయిపోతుంది. మా సుధాకర్ పెళ్ళినాడు నేను ఒక కారు బ్రేకుల్ని ఎట్లా కాపలా కాశానో చెప్తాను. కానీ ముందు వెంకటరత్నం బాబాయ్ గురించి చెప్పకపోతే ఆయనకు కోపమొస్తుంది. చెప్పినా వస్తుందనుకోండి.

బాబాయ్ కోస్తా నుంచి తల్లాడకు వచ్చి, మిర్చి వేసి, పాత కారు ఒకటి కొన్నాడు. అప్పటి నుంచి చేలో కంటే దాని కిందే ఎక్కువసేపు ఉంటాడు. పిన్ని అన్నం పళ్ళెం కూడా కారు కిందికే తోస్తుందని ఊళ్ళో అంటారు. అంటారేమిటి, నేనే అన్నాను.

సరే, పెళ్ళి. భద్రాచలంలో, పిల్ల వాళ్ళింట్లో. చుట్టాలంతా లారీలో ముందే పోయారు. కారులో బాబాయ్, ఆయన కొడుకు సుధాకర్, మా పెద్దమ్మ, నేను. పాల్వంచ దాటి అడవిలో పడ్డాక, దిగుడులో బాబాయ్ బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా అడుగుకు పోయింది. ఎదురుగా ఎడ్లబండి! టకటకా తొక్కగా తొక్కగా చివరికి పట్టుకుంది. ఒక ఎద్దు మా బానెట్ మీది పూలదండను వాసన చూసింది.

"ఏమైందయ్యా?" అంది పెద్దమ్మ.

"ఏం లేదొదినా. మొన్న వాషరు మార్చినప్పుడు పైపుల్లోకి గాలి చేరింది. అది తీసేస్తే పెడల్ గట్టిపడుద్ది."

"జల్దీ తియ్యి. ఈ ముహూర్తం తప్పితే మళ్ళ మూఢం పోయేదాక ఆగాలె."

ఆ మాటకు సుధాకర్ మొహం పెడల్ కన్నా మెత్తబడింది.

బాబాయ్ స్పానరూ, సెలైన్ పైపు ముక్కా తీసుకుని చక్రం పక్కన పడుకున్నాడు. పట్టుబట్టలు మాయకుండా సుధాకర్‌ను పెడల్ దగ్గర కూర్చోబెట్టారు. నాది అందరికన్నా సులువైన పని. బానెట్ లేపి, బ్రేక్ ఆయిల్ డబ్బా చూస్తూ, తగ్గినప్పుడల్లా సీసాలోంచి పోయడం.

"తొక్కు... తొక్కు... తొక్కి పట్టు!"

"పట్టిన!"

బాబాయ్ నట్టు వదులు చేస్తే పైపులోంచి ఆయిలుతో పాటు బుడగలు వచ్చేవి. బిగించి, "ఇక వదులు!" అనేవాడు.

బుడగలు తగ్గుతున్నాయి. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ నన్ను అడిగింది. "అవునురా, పిల్ల మేనమామ జుట్టు సొంతమేనా?"

పెద్దవాళ్ళు అడిగాక చెప్పకపోతే మర్యాద కాదు. తెలిసినంత వరకు చెప్పాను. నాకు చాలా తెలుసు.

"ఇదేంట్రా, మళ్ళీ అన్నీ బుడగలే!" అని చక్రం దగ్గర నుంచి కేక.

డబ్బాలోకి చూశాను. ఎండిపోయి ఉంది. అది ఖాళీ అయితే పైనుంచి గాలి పీలుస్తుందట. ఆ ముక్క నాకు ముందే చెప్పారట కూడా.

"అన్నా, నా పెండ్లే ఇయ్యాల!" అన్నాడు సుధాకర్ ఏడుపు గొంతుతో.

మళ్ళీ మొదటి నుంచి, నాలుగు చక్రాలూ. ఈసారి నోరు మూసుకుని డబ్బానే చూశాను. తర్వాత ఈ సంగతి చెప్తే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. చివరికి పెడల్ రాయిలా నిలబడింది.

మేం దిగేసరికి పంతులు తెర పట్టించి గడియారం చూస్తున్నాడు. సుధాకర్ ఉరికి పోయి నిలబడ్డాడు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు తెర కింద నుంచి పిల్ల కాలు తొక్కడం మా ఆనవాయితీ.

"తొక్కు బిడ్డా!" అంది పెద్దమ్మ.

తొక్కాడు. మళ్ళీ తొక్కాడు. ఇంకోసారి తొక్కి, అట్లాగే పట్టి ఉంచాడు. తెర తీశారు. అక్షింతలు పడ్డాయి. వాడు కాలు తియ్యలేదు.

"వదులు" అన్నాను వెనక నుంచి. వదిలాడు.

అప్పుడా పిల్ల వాడి కాలు తొక్కి పట్టింది. ఆమెతో "వదులు" అనే ధైర్యం నాకు లేకపోయింది.