ఒకటిన్నర కాలితో ఏలూరు ఆసుపత్రికి

అందరూ పుణ్యం కోసం యాత్ర చేస్తారు. నేను ఫుట్‌బాల్ వల్ల చేశాను. కాలేజీ పందెంలో ఎదుటి జట్టువాడు నా కుడి మోకాలి మీద పడ్డాడు. బంతి గోల్లోకి, నేను ఆకివీడులోని ఇంటికి చేరాం. ఊళ్ళో వెదురుబద్దల కట్టు కట్టారు. ఎనిమిది రోజులైనా అడుగేస్తే మోకాలు ఒకవైపు, నేనొకవైపు. ఇక నడవగలనా అన్న దిగులుతో, మా అక్క భర్త సుబ్బారావు బావను వెంటబెట్టుకొని బయలుదేరాను.

ఉదయం ఆరింటికి కొల్లేటి పడవ, మనిషికి మూడణాలు.

"కాలు చాపుకోండి బాబూ, పడవ మీదే అనుకోండి" అన్నాడు పడవవాడు.

"చాపితే మేం నీళ్ళలో కూచోవాలయ్యా" అన్నాడు బావ.

పదింటికి ఏలూరు రేవు చేరి, నాలుగణాల జట్కాలో ఆసుపత్రికి వెళ్ళాం. కాంపౌండరు నా కాలు చూసి తేల్చేశాడు.

"తీసెయ్యాలండీ."

బావ గొంతు తగ్గించాడు. "ఏవండీ, మోకాలి పైకా, కిందికా?"

"మొత్తమండీ. కత్తెర తెస్తాను."

"కత్తెరా! మత్తు ఇవ్వరా అండీ?"

"దీనికి మత్తేంటండీ? నిన్న ఓ ముసలమ్మగారికి ఊరికే తీసేశాం."

ఆ వీరమాతకు మనసులోనే నమస్కరించి, కన్నీళ్ళతో బావ భుజం తడపబోయాను.

"తీసేది కట్టండీ బాబూ, కట్టు!" అన్నాడు కాంపౌండరు. " ఈ బద్దలుంటే డాక్టరుగారికి మోకాలెక్కడ కనబడుద్దండీ?"

మద్రాసులో చదివిన డాక్టరుగారు ముందు నా ఎడమకాలు పట్టుకున్నారు.

"దెబ్బ ఇటండీ" అన్నాను.

"తెలుసండీ. మీ కీలు మామూలుగా ఎంత కదులుతుందో చూడాలిగా."

తరువాత కుడి పిక్కను ముందుకు లాగితే బల్లసొరుగులా వచ్చేసింది. పక్కకు నొక్కితే మోకాలు లోపలివైపు తెరుచుకుంది. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయి. తెగినవి కీలును పట్టి ఉంచే బంధాలు, పక్కదొకటి, మధ్యదొకటి. "ఒక్కటే బాగుచేస్తే రెండోది దాన్నీ చెడగొడుతుంది" అన్నారాయన. మూడోనాడు క్లోరోఫారం ఇచ్చి, పక్క బంధాన్ని కుట్టారు. తొడ కండ మీది గట్టి పొర నుంచి ఓ పట్టీ తీసి, ఎముకల్లో తొలిచిన కన్నాలగుండా లాగి మధ్య బంధం చేశారు. ఎనిమిది వారాల తరువాత ప్లాస్టరు విప్పి మళ్ళీ పిక్క లాగి చూశారు. ఈసారి అది ముందుకు జారలేదు. ఇంకొన్ని వారాలకు కర్ర లేకుండా నడిచాను. బావ వెనకే చేతులు చాపుకొని వచ్చాడు, జారితే పట్టుకోవడానికి. నాకా అవసరం రాలేదు.

ఇంతకాలం కాళ్ళు మనవేనన్న ధీమాతో వాటిని పలకరించనైనా లేదు. ఇప్పుడు మెట్లు దిగడమే నాకు పండుగ. ఈ పని మీద వెళ్ళేవారికి ఒక్కటే సలహా: పంట్లాం మానేసి పంచె కట్టుకోండి. డాక్టరుగారు రెండు మోకాళ్ళూ చూస్తారు.